పాత తలలు, కొత్త తలలు

ముందు ఆ చెవి సంగతి తేల్చేద్దాం, లేకపోతే మిగతా కథ మీ తలకెక్కదు. ఇన్సూరెన్సు ఏజెంటు చెవి కులాసాగానే ఉంది. కిందటి వారం సెలూనాయన చేతిలో కత్తి జారి, ఆ చెవి తమ్మె మీద బియ్యపుగింజంత గాటు పడిందని మనమంతా హడలిపోయాం కదా, దాని మీద అంటించిన ప్లాస్టరు మూడో రోజుకే ఊడిపోయింది. ఏజెంటు మాత్రం ఎదురుపడ్డవాడికల్లా ఆ చెవి చూపించి, "ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన చేతి మొదటి గాటు నాకే దక్కింది" అని గొప్పలు పోతున్నాడు. గాటు మానింది కానీ, గాటు పడేలా చేసిన మాట మాత్రం ఇంకా అలాగే ఉంది.

ఆ మాట అన్నది సెలూనాయన చిన్నకూతురు. నోటి పదును చూసి వీధంతా ఆ పిల్లని కత్తెర అంటారు. వృద్ధుల హోంలో మూడేళ్ళుగా ఆయాగా చేస్తోంది. "నాన్నా, నర్సింగు సర్టిఫికెట్ కోర్సులో సీటొచ్చింది. ఏడాది చదువు. అప్పు తీసుకుని చేరతాను" అని, తండ్రి సరిగ్గా ఏజెంటు చెవి వెనక గొరుగుతున్న క్షణం చూసి మరీ చెప్పింది. ఫారం తీసి అద్దం ముందు పెట్టింది. ఆ ఫారంలో హామీదారు సంతకం కావాలి. హామీదారుకి నెలజీతం ఉండాలి కాబట్టి సొంత షాపు నడుపుకునే తండ్రి పనికిరాడు. పెద్దకూతురి దగ్గరికెళ్ళి నెల దాటినా తిరిగిరాని తల్లి అసలే పనికిరాదు. మొత్తం బంధుబలగంలో నెలజీతం తీసుకునే మనిషి ఒక్కతే, సెలూనాయన అక్కగారు. పెద్దాసుపత్రిలో ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. వీధి మొత్తానికి ఆవిడ సిస్టరక్క. మేనకోడలు నర్సవుతానంటే ఎగిరి గంతేస్తుందనుకున్న సిస్టరక్క, ఫారం వంక ఒక్క చూపు చూసి, ముఖం ముడుచుకుని, "వారం ఆగండి, ఆలోచించి చెబుతా" అని వెళ్ళిపోయింది.

ఆ వారం ఇవాళ్టితో సరి. రేపు మధ్యాహ్నం పన్నెండులోపు ఫారం ఇవ్వకపోతే సీటు ఇంకొకరి పాలు.

ఇవాళ సెలూన్‌కి వారపు సెలవు. సెలూనాయన షట్టరు నడుందాకా దించి, దువ్వెనలన్నీ వేడినీళ్ళ గిన్నెలో వేసి, కుర్చీ తోలుకి నూనె రాస్తూ కూర్చున్నాడు. కూర్చున్నాడనే గానీ మనసు దువ్వెనల మీదా లేదు, కుర్చీ మీదా లేదు. వారం రోజులుగా ఒకే లెక్క. ఎటు తిప్పి కట్టినా ఒకే జవాబు. ఆ జవాబు తలుచుకుంటేనే ఆయనకి తల తిరుగుతోంది.

ఈయన లెక్క మీకు కొత్తగా అనిపించొచ్చు. సెలూనాయనకి డబ్బు డబ్బుగా అర్థం కాదు. ఏదైనా తలల్లో చెప్పాలి. తల అంటే ఒక క్షవరం, అంతే. కరెంటు బిల్లు ఎంతొచ్చిందంటే ఆరు తలలంటాడు. పెద్దకూతురికి కొన్న కుట్టుమిషను తొంభై తలలు. ఎవరైనా కొత్త ఫోను చూపిస్తే, "అబ్బో, నూటయాభై తలలు జేబులో పెట్టుకు తిరుగుతున్నావన్నమాట" అంటాడు. అప్పుడప్పుడూ తల్లి విసుక్కునేది గానీ, పిల్లలిద్దరికీ ఉగ్గుపాలతో అబ్బిన భాష అది. కత్తెర తన జీతం కూడా తండ్రికి తలల్లోనే చెబుతుంది. ఇప్పుడు నెలకి నూటపది తలలు. సర్టిఫికెట్ చేతికొస్తే నూట డెబ్భై.

షట్టరు కింద నుంచి వంగి కత్తెర లోపలికి వచ్చింది. హోం నుంచి తిన్నగా వస్తోంది, చేతులు ఎంత కడిగినా ఆ మందు సబ్బు వాసన పోలేదు.

"తిన్నావా?" అన్నాడు తండ్రి. ఏం మాట్లాడాలో తెలియనప్పుడల్లా ఆయన అడిగేది అదే.

"తిన్నాలే నాన్నా. ఇవాళ ఏడుగురిని పక్కలు తిప్పాను. కిటికీ మంచం మామ్మ తల దువ్వించుకోనని ఒకటే మారాం. మా నాన్న సెలూన్ నుంచి తెచ్చిన దువ్వెన అని చెప్తే అప్పుడు కూర్చుంది."

ఆ మాటకి సెలూనాయన ముఖం ఇంతయింది. కానీ వెంటనే లెక్క గుర్తొచ్చి మళ్ళీ ముడుచుకుంది.

"అదేనమ్మా నేనూ అనేది. అంత చక్కగా చేసుకుంటున్నావు. ఉన్న ఉద్యోగానికేం లోటు? ఉత్తపుణ్యానికి తలనొప్పి కొనితెచ్చుకోవడం దేనికి?"

కత్తెర కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుంది. ఈసారి ఆ పిల్ల గొంతులో పదును లేదు.

"నాన్నా, పోయిన నెల నాలుగో మంచం తాతగారి ఊపిరి మారింది. నాకు వెంటనే తెలిసింది. రోజూ ఒళ్ళు తుడిచేదాన్ని, నాకు తెలీదా? ఆయన మందు బల్ల మీదే ఉంది. ఏ మందో తెలుసు, ఎలా పట్టాలో తెలుసు. కానీ ఆయా మందు ముట్టుకోకూడదు. నర్సమ్మ పై అంతస్తులో ఉంది. మెట్లెక్కి పరిగెత్తాను. ఆవిణ్ణి తీసుకుని మళ్ళీ దిగాను. తాతగారు బతికారులే. కానీ ఆ మెట్లెక్కినంతసేపూ నా ప్రాణం నాలో లేదు. నాకింక ఆ మెట్లు వద్దు నాన్నా."

సెలూనాయన నూనె గుడ్డ పక్కన పెట్టేశాడు. బిడ్డ ఇంత పెద్దదెప్పుడయిందా అనుకున్నాడు. కాదనడానికి మనసు రాలేదు, సరే అనడానికి ధైర్యం చాలలేదు. ఆయనకి అప్పంటే చచ్చేంత భయం.

అంతలో బయట చెప్పుల చప్పుడయింది. షట్టరు కింద నుంచి ముందు ఒక సంచీ లోపలికి వచ్చింది, ఆ వెనక సిస్టరక్క.

"ఈ షట్టరు ఇంకొంచెం ఎత్తి చావచ్చు కదరా! నా నడుం నీ కస్టమరా, ఎటు వంచితే అటు వంగడానికి?"

"రా అక్కా, కూర్చో. ఆలస్యమయిందే?"

"చిన్న పనుండి వెళ్ళానులే."

నెలనెలా రెండో తారీఖు మధ్యాహ్నం ఆవిడకి ఏదో చిన్న పని ఉంటుంది. ఏం పనో ఎవరూ అడగరు, అడిగినా చెప్పదు. ఇవాళ రెండో తారీఖే. మెళ్ళో గొలుసుకి వేలాడుతున్న కళ్ళజోడు తీసి పెట్టుకుని చెయ్యి చాపింది.

"ఏదీ, ఆ కాగితాలిటు ఇవ్వు కోడలా. మూడుసార్లు చదవాలి."

ఆ మాట ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. మందు సీసా అలమరలోంచి తీసేటప్పుడు ఒకసారి చదవాలి, పోసేటప్పుడు ఒకసారి, తిరిగి పెట్టేటప్పుడు ఒకసారి. సిస్టరక్క ఒక్క మందుకే కాదు, సబ్బు పొట్లానికీ, బస్సు బోర్డుకీ కూడా ఇదే రూలు. ఆవిడ మూడోసారి చదివేలోగా బస్సు వెళ్ళిపోయిన రోజులున్నాయి. ఇంకో రూలు కూడా ఉంది. ఆసుపత్రి బయట సూది పట్టదు. వీధిలో ఎవరికి జ్వరమొచ్చి బతిమాలినా, "ఇంటి దగ్గర సూది వెయ్యడం నా పద్ధతి కాదు" అనేస్తుంది. ఆ పద్ధతి గురించి సెలూనాయన కస్టమర్లకి కథలు కథలుగా చెబుతాడు.

మొదటిసారి పైకే చదివింది. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, వడ్డీ, అన్నీ కలిపి చివర్లో ఉన్న మొత్తం.

"చెప్పరా, ఇది ఎన్ని తలలు?"

సెలూనాయన లేచాడు. సబ్బుముక్క తీసి అద్దం మీద రాశాడు. వారం రోజులుగా ఆయన్ని తినేస్తున్న లెక్క అదే. నాలుగు వేల ఎనిమిది వందల తలలు. దాని కింద జీతంలో పెరిగేది, నెలకి అరవై తలలు. భాగించి జవాబు చుట్టూ గుండ్రంగా గీశాడు. ఎనభై నెలలు.

"ఆరేళ్ళ ఎనిమిది నెలలమ్మా" అన్నాడు నీరసంగా. "పెరిగిన జీతమంతా ఆరేళ్ళ ఎనిమిది నెలలు అప్పుకే ధారపోయాలి. నాలుగు వేల ఎనిమిది వందల తలలంటే మాటలా? తలకి మించిన భారం."

"చూశావా?" సిస్టరక్క అందుకుంది. "క్షవరమైతే గానీ వివరం తెలీదంటారు. ముందే తెలుసుకోమంటున్నాను."

"అక్కా, ఆ సామెత బయటెక్కడైనా చెప్పుకో. నా షాపులో కూర్చుని చెబుతావేంటి?"

కత్తెర ఆ గొడవలో లేదు. అద్దం వంకే చూస్తోంది. నోట్లో ఏదో గొణుక్కుంది. లేచి అద్దం దగ్గరికెళ్ళింది.

"నాన్నా, నాలుగు వేల ఎనిమిది వందలు ఎక్కడివి?"

"ఎక్కడివేంటి? ఫారం మీద మొత్తాన్ని తలతో భాగించాను."

"నేనూ భాగించాను. నాకు రెండు వేల నాలుగు వందలే వచ్చాయి. నువ్వు ఏ తలతో భాగించావు?"

"ఏ తలేంటే? తలంటే తలే."

"ఒక తల రేటెంతో చెప్పు."

సెలూనాయన చెప్పాడు. కత్తెర ఒక్క క్షణం తండ్రిని ఎగాదిగా చూసింది. తర్వాత గుమ్మం మీద వేలాడే రేట్ల బోర్డు చూపించింది.

"నాన్నా! నువ్వు చెప్పింది ఏ కాలం నాటి రేటు? బోర్డు మీద సరిగ్గా దానికి రెండింతలుంది! నువ్వే రాయించావు కదా!"

"బోర్డు జనానికమ్మా" అన్నాడాయన తడబడుతూ. "మన లెక్క మనది."

"మన లెక్కేంటి?"

సెలూనాయన సబ్బుముక్క చేతులు మార్చుకున్నాడు. సిగ్గుపడ్డాడు కూడా. "నీకు ఏడేళ్ళప్పుడు లెక్కలు రావట్లేదని టీచరు ఇంటికి పంపింది చూడు. ఈ కుర్చీ చేతుల మీద చెక్క వేసి నిన్ను కూర్చోబెట్టాను. ఒక తలకి ఇంత, రెండు తలలకి ఎంత, మూడు తలలకి ఎంత అని... అప్పటి రేటు అది. వారం రోజుల్లో నీకు లెక్కలొచ్చేశాయి. ఆ తర్వాత బోర్డు మీద ఎన్నిసార్లు పెంచినా, నా మనసులో తలంటే ఆ రేటే. దాన్ని మార్చబుద్ధి కాలేదు."

కత్తెర నోరు మూతపడింది. ఆ వీధిలో అలాంటి సంఘటన జరగడం అదే మొదటిసారి అనుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి అర్థమయింది కదా? తండ్రి అప్పుని పాత తలల్లో లెక్క కట్టాడు. కూతురు జీతం కొత్త తలల్లో చెప్పింది. ఆ రెంటినీ కలిపి భాగించి, ఇంట్లో వారం రోజులుగా అందరికీ తిండి సయించకుండా చేశారు. పాపం ఇన్సూరెన్సు ఏజెంటు చెవి కూడా ఈ అప్పు మాటకే బలయింది.

"ఓరి నా పిచ్చినాన్నా!" అని కత్తెర ఆయన మెడ చుట్టూ చేతులు వేసి నవ్వడం మొదలుపెట్టింది. అద్దం మీద అంకెలు అరచేత్తో తుడిచి, రెండు వేల నాలుగు వందలు రాసి, అరవైతో భాగించింది. నలభై నెలలు. మూడేళ్ళ నాలుగు నెలలు. సెలూనాయనకి గుండెల మీంచి సగం బండ దిగిపోయింది. ఆయన కూడా నవ్వేశాడు. కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

సిస్టరక్క నవ్వలేదు.

రెండోసారి చదివింది. "ఈ ఏడాది ఉద్యోగం మానేస్తావు కదా. ఆ జీతం పోయినట్టే. అది కలిపావా?"

"శని, ఆదివారాలు హోంలో చేస్తానత్తా. పెద్ద నర్సమ్మ ఒప్పుకుంది. అది పోగా నాకు తగ్గేది తొమ్మిది వందల తలలు. కొత్త తలలు! ఇంకో పదిహేను నెలలు కలుపుకో. మొత్తం నాలుగున్నరేళ్ళు. నాకు ఇరవై తొమ్మిదొచ్చేసరికి ఎవరికీ ఏమీ బాకీ ఉండను. అక్కణ్ణించి సంపాదనంతా మనదే."

పిల్ల ఎంత నిదానంగా ఆలోచించి పెట్టుకుందో సెలూనాయనకి అప్పుడు తెలిసింది. "ఇంకేం కావాలక్కా? సంతకం పెట్టేద్దూ" అన్నాడు.

"వద్దు."

"ఎందుకొద్దత్తా? నర్సుగా ఇన్నేళ్ళు చేశావు. నీకంటే ఎవరికి తెలుసు ఇందులో విలువ?"

సిస్టరక్క మూడోసారి కాగితం ఎత్తింది. ఒక చోట గోరు ఆనించి, ఒక్కో మాటా విడదీసి చదివింది.

"కోర్సు పూర్తి చేసినా, చేయకపోయినా, పరీక్ష తప్పినా, అప్పు మొత్తం వడ్డీతో సహా చెల్లించవలసి ఉంటుంది." కళ్ళజోడు తీసేసింది. "మీ ఇద్దరూ సర్టిఫికెట్ వచ్చాక వచ్చే జీతంతోనే లెక్కలు కడుతున్నారు. అది రాకపోతే ఎన్ని నెలలో కట్టండి. అద్దం చాలదు."

"రాకపోవడమేంటి అక్కా? నీకు రాలేదా?"

ఆవిడ తమ్ముడి ముఖం వంక చూడలేకపోయింది. దువ్వెనల గిన్నె వంక చూస్తూ చెప్పింది.

"రాలేదురా."

కత్తెర స్టూలు లాక్కుని మేనత్త పక్కన కూర్చుంది.

"చివరి పరీక్ష తప్పాను. మందు మోతాదు లెక్క. సీసా మీద మిల్లీలీటర్లలో ఉంది, ప్రశ్నలో చుక్కలు అడిగారు. నేను ఒక్కసారే చదివి, చుక్కల సంగతి వదిలేసి జవాబు రాసేశాను. ఇప్పుడు నువ్వు చేశావే, అచ్చం అలాగే. కొలత చూసుకోలేదు. ఆ మందు నిజంగా మనిషికి ఎక్కిస్తే ఏమయ్యేదో మేడమ్ క్లాసులో నన్ను నిలబెట్టి చెప్పింది. మళ్ళీ పరీక్ష ఆరు నెలల తర్వాత. దానికి మళ్ళీ ఫీజు. ఈలోగా అప్పు కిస్తీలు మొదలయ్యాయి. ఆర్నెల్లే కదా అని పెద్దాసుపత్రిలో ఆయాగా చేరాను. ఆ ఆర్నెల్లు ఇరవై ఎనిమిదేళ్ళయ్యాయి."

"మరి నువ్వు... సిస్టరక్క..." అన్నాడు సెలూనాయన.

"ఆ పేరు ఎవరు పెట్టారు? నువ్వేరా! తప్పానని చెప్పడానికే ఆ రోజు ఇంటికొచ్చాను. నీకు పద్దెనిమిదేళ్ళు. గుమ్మంలోనే ఎదురొచ్చి, 'మా అక్క సిస్టరయింది, సిస్టరక్కొచ్చింది' అని వీధి వీధంతా వినపడేలా అరిచావు. అమ్మ అప్పటికే నలుగురికీ చెప్పేసింది. నీ ముఖం చూశాక నాకు నోరు రాలేదురా."

సెలూనాయనకి ముందు కోపం వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చున్న ప్రతి తలకీ తన అక్క గొప్ప చెప్పుకున్నాడు. "నాక్కూడా చెప్పలేదా అక్కా? నాక్కూడానా?" అన్నాడు. ఆ వెంటనే ఇంటి దగ్గర పట్టని ఆ సూది గుర్తొచ్చింది. "పద్ధతి అనుకున్నానే" అన్నాడు మెల్లగా.

"పద్ధతి లేదు, పాడూ లేదు. భయంరా. సూది పట్టే హక్కు నాకెక్కడిది?"

అంతే, ఆయన కోపం ఎటు పోయిందో తెలియదు. అక్క భుజం పట్టుకుని లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆవిడ వద్దంటున్నా తెల్లగుడ్డ మెడ చుట్టూ కప్పాడు. రెండు అరచేతుల్లో నూనె పోసుకుని తలకి మర్దనా చెయ్యడం మొదలుపెట్టాడు. మనిషిని ఓదార్చడానికి ఆయనకి తెలిసిన విద్య అదొక్కటే. నెరిసిన పాపిడి మీద ఆయన వేళ్ళు నెమ్మదిగా కదిలాయి. అద్దంలో సిస్టరక్క నుదుటి మీద సరిగ్గా సబ్బుతో రాసిన నలభై కనపడుతోంది. ఆవిడ కళ్ళు మూసుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది.

కత్తెర వచ్చి కుర్చీ ముందు నేల మీద కూర్చుని మేనత్త మోకాళ్ళ మీద చేతులు వేసింది.

"అత్తా, ఇరవై ఎనిమిదేళ్ళు ఎంతమందికి ఒళ్ళు తుడిచావో నాకు తెలుసు. నేనూ అదే చేస్తున్నాను. అందులో సిగ్గేముంది? నువ్వు మూడుసార్లు చదవడం నేర్పకపోతే నేను హోంలో ఎన్నిసార్లు మంచం నంబర్లు తారుమారు చేసేదాన్నో."

"నువ్వు కూడా తప్పితే? నా గతే నీకూ పడితే?"

"తప్పితే తిన్నగా ఇంటికొచ్చి, తప్పాను అని చెబుతాను. పెద్దగా ఏడుస్తాను. నాన్న 'తిన్నావా' అని అడుగుతాడు. మళ్ళీ రాస్తాను."

"మళ్ళీ రాయడానికి ఫీజు?"

"ఆ తలలు నావి" అన్నాడు సెలూనాయన వెనక నుంచి. "అప్పుడే చెప్పుంటే నీ ఫీజుకి కూడా నేనే గొరిగేవాణ్ణి అక్కా. కొత్తగా పని నేర్చుకున్న చెయ్యి. ఓ యాభై చెవులు తెగేవేమో గానీ, తెచ్చేవాణ్ణి."

ఏడుస్తున్న సిస్టరక్కకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే గుడ్డ కింద నుంచి చెయ్యి బయటికి తీసింది.

"పెన్నివ్వవే కోడలా."

హామీదారు పేజీ కుర్చీ చేతి మీద పెట్టుకుంది. పేరు రాసింది. చిరునామా రాసింది. వృత్తి అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. తమ్ముడి చేతులు తల మీద అలాగే ఉన్నాయి. ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి, తనవాళ్ళు చూస్తుండగా, గుండ్రటి అక్షరాలతో "ఆయా" అని రాసింది. రాసి, గట్టిగా ఊపిరి వదిలింది. ఆ రెండక్షరాలు సెలూనాయనకి ఎంత ముద్దొచ్చాయో చెప్పలేను.

"సంతకం ఎక్కడే? కళ్ళజోడు తడిసిపోయి కనపడి చావట్లేదు."

"ఉండత్తా. ఈ పేజీ ఎన్నిసార్లు చదివావు?"

"ఒక్కసారి... అసలు చదివానో లేదో కూడా తెలీదు. పెట్టెయ్యనీవే!"

"నీ రూలు నువ్వే తప్పితే ఎలా?" కత్తెర నవ్వుతూ కాగితం లాక్కుంది. మొదటిసారి గబగబా చదివింది. రెండోసారి నెమ్మదిగా చదివింది. మూడోసారి చదువుతుండగా, సంతకం గీత కిందున్న సన్నటి అక్షరాల దగ్గర గొంతు ఆగింది.

"ఏంటమ్మా?" అన్నాడు తండ్రి.

"హామీదారు తన పేరు మీద ఇదివరకు ఇటువంటి చదువు అప్పు తీసుకుని ఉంటే, అది పూర్తిగా తీరి ఉండవలెను." కత్తెర తలెత్తింది. "ఇది మనకి అడ్డేం కాదులే. ఇరవై ఎనిమిదేళ్ళయింది కదా. నీది ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. కదత్తా?"

సిస్టరక్క పెన్ను మూత పెట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ చూపు గుమ్మం పక్కనున్న సంచీ మీదికి పోయింది. సెలూనాయన అద్దంలోంచి ఆ చూపు పట్టుకున్నాడు. గోడ మీద క్యాలెండరు చూశాడు. రెండో తారీఖు. నెలనెలా, ఎవరికీ చెప్పని ఆ చిన్న పని.

మర్దనా చేస్తున్న ఆయన వేళ్ళు ఆగిపోయాయి.

"అక్కా... ఆ అప్పు ఇంకా ఉందా?"

ఆవిడ ఉందన్నట్టు తల ఊపింది.

సెలూనాయన నూనె చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "ఎన్ని తలలక్కా?"

సిస్టరక్క అద్దంలో తమ్ముడి కళ్ళలోకి చూసింది. ఇందాకటి నవ్వు ఇంకా పెదవుల మీద పూర్తిగా ఆరలేదు.

"ఏ తలల్లో చెప్పమంటావురా? పాతవాటిలోనా, కొత్తవాటిలోనా?"